పైకి వదిలిన ఊచలు

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇల్లు ఒక్క విడతలో కట్టినవాళ్లు తక్కువ. తాత వేసిన రెండు గదులకి తండ్రి వసారా దించుతాడు, కొడుకు శ్లాబు వేస్తాడు, మనవడు పైన మేడ లేపుతాడు. పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లినా, కంచిలి నుంచి కవిటి వెళ్లినా, టెక్కలి నుంచి భావనపాడు వైపు తిరిగినా దారి పొడుగునా డాబాల మీద నాలుగేసి ఊచలు గుత్తులుగా పైకి లేచి కనిపిస్తాయి. రేపు మేడ వేస్తామన్న ఆశతో ఇవాళ వదిలిపెట్టిన ఊచలు అవి. ఏ ఊళ్లో ఎన్ని ఆశలు ఉన్నాయో ఆ ఊచలు చూసి చెప్పొచ్చు.

ఇల్లు పెంచిన ప్రతి విడతలోనూ కర్రకెంత, పెంకుకెంత, సిమెంటుకెంత, కూలికెంత అన్నది ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. ఆ బరువు కింద గోడ ఆపుతుందా, పునాది మోస్తుందా అని లెక్క కట్టించడానికి అయ్యే ఖర్చు మాత్రం ఆ చిట్టాలోకి ఎప్పుడూ ఎక్కలేదు. అన్నిటికన్నా చిన్న ఖర్చు అదే. అదెందుకు ఎక్కలేదో తెలియాలంటే మన ఇళ్లు ఎలా పెరిగాయో మొదటినుంచీ చూడాలి.

నాకు ఇది ఇంట్లో నడిచిన చరిత్ర. మా తాత మట్టిగోడలు పెట్టేవాడు. మా నాన్న తాపీ మేస్త్రి. నేను సివిల్ చదివి కాశీబుగ్గలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇళ్లకి స్ట్రక్చరల్ డ్రాయింగులు వేస్తున్నాను. మా ముగ్గురి చేతుల మీదుగా ఉద్దానం ఇల్లు గడ్డి నుంచి కాంక్రీటుకి వచ్చింది.

తాత కాలం నాటి ఇల్లు చుట్టిల్లు. ఉత్తర కోస్తా పల్లెల్లో అలాంటివి ఇప్పటికీ అక్కడక్కడా మిగిలాయి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటాకుతోనో గడ్డితోనో శంకువులా కప్పు, కప్పు అంచు మనిషి వంగి లోపలికి వెళ్లేంత కిందికి. గుండ్రటి గోడకి మూల ఉండదు కాబట్టి గాలి దాన్ని ఒకచోట పట్టుకుని లాగలేదు. కప్పు కిందికి దిగి ఉండడం వల్ల గాలి దాని అడుగున దూరడానికి సందు తక్కువ. ఈ సూత్రాలు తాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన ముందువాళ్లు ఎన్ని గాలివానలు చూశారో, ఆ చూపంతా గోడ పెట్టే చేతుల్లోకి దిగింది.

చుట్టిల్లు పెంచాలంటే పక్కన ఇంకో చుట్టిల్లు వేయడమే. పెద్దకొడుక్కి పెళ్లయితే ఒకటి, పశువులకి ఒకటి, వంటకి ఒకటి. తాటి దూలం సొంత తోటలోది. తాటాకు సొంత గట్టు మీదిది. మట్టి ఊరి చెరువులోది. పని ఇరుగుపొరుగు వాళ్లది; ఇవాళ మా ఇంటికి మీరు, రేపు మీ ఇంటికి మేము. డబ్బు చేతులు మారేది చాలా తక్కువ. బరువు కూడా తక్కువే. వాసాలతో సహా గడ్డికప్పు చదరపు మీటరుకి ముప్ఫై అయిదు నుంచి యాభై కిలోలు. అడుగున్నర మందం మట్టిగోడకి అదొక లెక్క కాదు. తప్పు జరిగితే కప్పు వాలుతుంది, మళ్లీ కడతారు. మనిషి ప్రాణానికి మట్టిగోడ తడిసి కూలడం, నిప్పు అంటుకోవడం అనే రెండు భయాలే ఉండేవి.

1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ తూర్పు తీరం రైలు మార్గం పడింది. పలాస, నౌపడా ఆ దారిలోకి వచ్చాయి. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న బండి కూడా మొదలైంది. అప్పటికి ఇదంతా మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన వైపు భాగాలు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టింది. రైలు వచ్చాక దూరపు సరుకు ఊరి దగ్గరికి వచ్చింది. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మొదలుపెట్టిన యంత్రపు పెంకు తీరమంతా పాకి బంగాళా పెంకుగా మన ఇళ్ల మీదికి ఎక్కింది. ఊరి కుమ్మరి చేసే గూనపెంకు అంతకుముందు నుంచే ఉంది.

పెంకుటిల్లుకి మూలలు వచ్చాయి, నిలువు స్తంభాలు వచ్చాయి, అరుగులు వచ్చాయి. ఉద్దానం ఊళ్లలో వీధి పొడుగునా ఒకే వరసలో గోడకి గోడ ఆనుకుని ఉన్న పెంకుటిళ్లు ఆ కాలంవే. అలాంటి ఇల్లు పక్కలకి పెరగలేదు కాబట్టి వెనక్కి పెరిగింది. ముందు వసారా, నడిమి ఇల్లు, వెనక వసారా, ఆ వెనక వంటిల్లు, చివర నుయ్యి. పెంచడం అంటే ఉన్న కప్పు వాలుని కిందికి పొడిగించి రెండు స్తంభాలు నాటడం. బంగాళా పెంకు కప్పు కర్రతో సహా చదరపు మీటరుకి అరవై అయిదు కిలోలు. తాటాకు కన్నా కొంచెమే ఎక్కువ. వడ్రంగి దూలం చూసి, వేలితో తట్టి, ఎంత పొడుగుకి ఎంత మందం కావాలో చెప్పేవాడు. తక్కువైతే దూలం ముందు వంగుతుంది, ఏళ్ల తరబడి వంగుతుంది, మనకి కనిపిస్తుంది. ఒక గుంజ పోటు పెడితే సరిపోతుంది. కర్ర, మట్టి మనిషికి ముందుగా చెప్పి కూలేవి. మేస్త్రి కన్ను చాలు అనే నమ్మకం ఆ రెండు యుగాల్లో పుట్టింది. అది గుడ్డి నమ్మకం కాదు. ఆ సామానుకి, ఆ బరువుకి అది నిజంగానే చాలింది.

మా నాన్న తాపీ పట్టే నాటికి సిమెంటు కంట్రోలులో ఉండేది. పర్మిట్టు కాగితం ఉంటేనే బస్తాలు. పదిహేను బస్తాలు రాయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగేవని నాన్న చెప్పేవాడు. అందుకే అప్పట్లో శ్లాబు ఇల్లు అంటే కరణం గారిదో, జీడిపప్పు వ్యాపారిదో, బళ్లో మేష్టారిదో అయివుండేది. మిగిలినవాళ్లు గోడ బంకమట్టితో కట్టి పైపూతకి మాత్రం సున్నమో సిమెంటో వాడేవారు. 1982లో కంట్రోలు కొంత సడలింది, 1989లో పూర్తిగా పోయింది. మరో మూడేళ్లకి, 1992లో, విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సిమెంటు షాపులో దొరుకుతోంది, ఇనుము మన తీరంలోనే తయారవుతోంది. ఉద్దానంలో డాబాల కాలం అప్పుడు మొదలైంది.

డబ్బు బయటి నుంచి వచ్చింది. కొబ్బరి, జీడి ఒక్క ఏడు బాగుంటే రెండేళ్లు బాగుండవు. అందుకని ఇంటికొకరు బయటికి వెళ్లారు. అండమాన్ వెళ్లారు, ఓడల మీద పనికి వెళ్లారు, గల్ఫ్ వెళ్లారు, హైదరాబాదు, చెన్నై కట్టడాల్లో సెంట్రింగు పనికీ ఐరన్ పనికీ వెళ్లారు. వాళ్లు పంపిన డబ్బు విడతలుగా వచ్చింది, ఇల్లు కూడా విడతలుగానే లేచింది. ఒక ఏడాది పునాది, మరుసటేడు గోడలు, ఆపై శ్లాబు. శ్లాబు పడ్డాక డబ్బు అయిపోయేది. ఆ మిగిలిన ఆశకి గుర్తుగా పిల్లర్ల ఊచలు రెండడుగులు పైకి వదిలేవారు. అన్నదమ్ములు ఇద్దరుంటే పైభాగం తమ్ముడిదని అప్పుడే పెద్దల సమక్షంలో అనుకునేవారు కూడా. కొన్ని ఇళ్లలో మేడ అక్కడే ఆగిపోయింది. మన ప్రాంతాన్ని పట్టిన కిడ్నీ జబ్బు ఒకరిని మంచం ఎక్కిస్తే పైఅంతస్తు డబ్బంతా ఆసుపత్రికి పోయేది.

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది, మనం గమనించలేదు. అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు చదరపు మీటరుకి మూడు వందల కిలోల పైమాటే. పెంకు కప్పుకి దాదాపు అయిదు రెట్లు. పన్నెండడుగులకి పది అడుగుల గది మీద ఒక్క శ్లాబు మూడున్నర టన్నులు తూగుతుంది. ఆ గది చుట్టూ తొమ్మిదంగుళాల ఇటిక గోడ పదడుగుల ఎత్తు లేపితే, తలుపులు, కిటికీలు తీసివేయకుండా చూస్తే, అది పదిహేడు టన్నులు. గడ్డి నుంచి పెంకుకి మారినప్పుడు బరువు పెద్దగా మారలేదు. పెంకు నుంచి శ్లాబుకి, డాబా నుంచి మేడకి మారినప్పుడు బరువు ఎన్నో రెట్లయింది. లెక్క చెప్పే పద్ధతి మాత్రం దూలాన్ని వేలితో తట్టిన నాటిదే మిగిలింది.

మా నాన్న తరం మేస్త్రులని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. వాళ్ల చేతిలో ఒక కొలత ఉండేది: సిమెంటు ఒకటి, ఇసక రెండు, కంకర నాలుగు. ఒక అంతస్తు ఇంటికి, ఊరి లోపల, ఆ కొలతతో వేసిన శ్లాబులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఇంజినీర్ల భాషలో అది ఎం15 కాంక్రీటు; ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ. మన దేశంలో కాంక్రీటు పనికి ప్రమాణం ఐఎస్ 456. 1953లో మొదలైన దాన్ని 2000లో సవరించినప్పుడు అది ఊచలున్న కాంక్రీటుకి, అంటే ఆర్‌సీసీకి కనీసం ఎం20 ఉండాలంది. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట కనీసం ఎం30 ఉండాలని, ఊచకి నలభై అయిదు మిల్లీమీటర్ల కవరు, అంటే పైన కాంక్రీటు పొర, ఉండాలని చెప్పింది. ఉద్దానం తీరం అచ్చంగా అలాంటి చోటే. ఆ మాట మేస్త్రి దాకా మోసుకొచ్చినవాళ్లు లేరు. చాలా ఊళ్లలో కొలత ఇవాళ్టికీ ఒకటి, రెండు, నాలుగే. కవరు కోసం ఊచ కింద పెట్టే బిళ్లల బదులు కంకర పిక్కలే.

ఉప్పు సంగతి దగ్గరగా చూస్తేగానీ అర్థం కాదు. టెక్కలి పక్కన నౌపడాలో ఉప్పుమళ్లు తరతరాలుగా ఉన్నాయి. అక్కడి ఉప్పు బతుకుతెరువు. అదే ఉప్పు గాలిలో తేమతో కలిసి వచ్చి మన డాబాల మీద వాలుతుంది. సముద్రానికి దగ్గరున్న ఒక ఊళ్లో మేడ వేస్తామని పిలిస్తే వెళ్లాను. శ్లాబు వేసి పదేళ్లు దాటింది. పిట్టగోడ పక్కన నాలుగు ఊచలు, పన్నెండు మిల్లీమీటర్లవి, బట్టలు ఆరేసే తాడు కట్టి ఉంది. సుత్తితో మెల్లగా కొట్టాను. తాటిబెరడు పెచ్చుల్లా తుప్పు పొరలు పొరలుగా ఊడి పడింది. ఊచ మొదట్లో, కాంక్రీటులోంచి పైకి వచ్చేచోట, వాననీరు నిలిచి మిగతాదానికంటే ఎక్కువ తినేసింది. వైరు బ్రష్షుతో రుద్ది వెర్నియర్ పెట్టాను. పది చూపించింది.

పన్నెండుకి పది అంటే రెండే కదా పోయింది అనిపిస్తుంది. ఊచ బలం దాని కోతముఖం వైశాల్యంలో ఉంటుంది. పన్నెండు మిల్లీమీటర్ల ఊచకి అది 113 చదరపు మిల్లీమీటర్లు, పదికి 78. అంటే నూటికి ముప్ఫై వంతుల ఇనుము పోయింది. మన వైపు తొమ్మిదంగుళాల చదరపు పిల్లరులో నాలుగు పన్నెండు ఊచలు వేస్తారు. పిల్లరు వైశాల్యంలో కనీసం 0.8 శాతం ఇనుము ఉండాలని ఐఎస్ 456 చెప్తుంది. ఆ నాలుగు ఊచలూ కొత్తగా ఉన్నప్పుడు 0.85 శాతం. సరిగ్గా అంచు మీద నిలబడ్డ లెక్క. తుప్పు తిన్నాక 0.6 కన్నా తక్కువ. దాని మీద కొత్త ఊచ కట్టి మేడ లేపితే, మేడ అతుకు అంతా ఆ తిన్న ఊచ మీదే ఆధారపడుతుంది.

బయట కనిపించేది ఇది. లోపలిది ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. కాంక్రీటులో సున్నపు గుణం ఉన్నంతకాలం ఊచ చుట్టూ సన్నని రక్షణ పొర నిలుస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని తెంచుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది, లోపలి నుంచి కాంక్రీటుని నెట్టి పగలగొడుతుంది. శ్లాబు అడుగున పెచ్చులు ఊడి ఊచలు కనిపించే ఇళ్లు తీరంలో ఎన్ని ఉన్నాయో మీరే చూసి ఉంటారు. బీచి ఇసక కలిపిన ఇంట్లో ఆ ఉప్పు మొదటిరోజు నుంచే కాంక్రీటు లోపల ఉంటుంది. వంశధార నది ఇసకకి లారీ కిరాయి పెట్టలేక దగ్గరి ఇసక వాడుకున్నవాళ్లు అప్పుడు మిగిల్చుకున్నదానికి ఎన్నో రెట్లు ఇప్పుడు రిపేర్లకి పెడుతున్నారు.

పైకి ఉప్పు అయితే కింద పునాది. ముప్ఫై అడుగులకి ఇరవై నాలుగు, అంటే 720 చదరపు అడుగుల ఇల్లు, తొమ్మిది పిల్లర్లు అనుకుందాం. శ్లాబు, గోడలు, నేల, మనుషులు, సామాను అంతా కలిపితే ఒక అంతస్తుకి చదరపు మీటరుకి ఒక టన్నుకి అటూ ఇటూ. ఇంటి మొత్తం వైశాల్యం 67 చదరపు మీటర్లు. మధ్య పిల్లరు దానిలో నాలుగోవంతు మోస్తుంది, పదహారు పదిహేడు టన్నులు. పిల్లరు కింద పునాదిగా మేస్త్రులు ఎక్కువగా తవ్వించే ఫుటింగు నాలుగడుగుల చదరం, ఒకటిన్నర చదరపు మీటరు. కింద ఇసక నేల చదరపు మీటరుకి పది టన్నులు మోస్తుందనుకుంటే ఆ ఫుటింగు పదిహేను టన్నులకే నిండిపోయింది. అంటే డాబాతోనే దాని పని అయిపోయింది. పైన మేడ వేయాలంటే ఆ ఒక్క పిల్లరు కింద ఆరడుగుల చదరం ఉండాలి. ఊచలు పైకి వదిలినవాళ్లలో ఎంతమంది ఫుటింగు ఆరడుగులు తీశారు? ఇల్లు కట్టేనాడే నాలుగడుగులకి బదులు ఆరడుగులు తవ్వించి ఉంటే అదనంగా కొన్ని బస్తాల సిమెంటు, రెండు రోజుల కూలి అయ్యేది. ఇప్పుడు ఇంటి కింద తవ్వి ఫుటింగు పెంచాలంటే, పిల్లరు చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేయాలంటే, కొత్త పిల్లరు కన్నా ఎక్కువ అవుతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య 165 దాకా. అంతకు అయిదేళ్ల ముందు ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినా మనకి అంచు తగిలింది. తిత్లీ మాత్రం మన మీదికే వచ్చింది. కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఇళ్ల సంగతికి వస్తే, తుపాను మరునాడు తిరిగిన ఊళ్లలో నేను చూసింది ఇది: శ్లాబులు చాలావరకు నిలిచాయి, డాబాల మీద వేసుకున్న రేకుల షెడ్లు లేచిపోయాయి.

లెక్క చాలా సూటిగా ఉంటుంది. గాలి ఒత్తిడి వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. గంటకి 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 106 కిలోల బరువుతో నెడుతుంది. ఇరవై అడుగులకి పన్నెండు షెడ్డు మీద అది రెండు టన్నులు దాటుతుంది. కప్పు ఆకారాన్ని బట్టి కొంచెం పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ షెడ్డు మీద రేకుల సొంత బరువు నూటపాతిక కిలోలు కూడా ఉండదు. పైకి లాగే రెండు టన్నులని ఆపాల్సింది నాలుగు గొట్టాల కింద నాలుగు చిన్న బోల్టులు. గాలి లెక్కల ప్రమాణం ఐఎస్ 875 మన తీరానికి సెకనుకి యాభై మీటర్ల వేగం తీసుకోమంటుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి గొట్టం ఎంత మందం, అడుగు ప్లేటు ఎంత, బోల్టు శ్లాబులోకి ఎంత లోతు దిగాలి అన్నది ఒక పూట లెక్క. పెంకుటిల్లు కప్పు తన బరువుతో తాను కొంత నిలిచేది. రేకుకి ఆ ఆసరా కూడా లేదు. తుపాను తర్వాత మళ్లీ షెడ్లు లేచాయి. చాలావరకు అవే గొట్టాలు, అవే బోల్టులు.

పలాస వైపు ఇంకో బరువు ఉంది. జీడిపిక్కల బస్తా 80 కిలోలు. ధర వస్తుందేమోనని రైతు, చిన్న వ్యాపారి పై గదిలో బస్తాలు పేర్చి ఉంచుతారు. ఇంటి గదికి ప్రమాణం చెప్పే వాడుక బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. చదరపు మీటరులో రెండేసి బస్తాల చొప్పున అయిదు వరసలు పేరిస్తే 800 కిలోలు. కాపురానికి వేసిన గది గోదాముగా మారింది, కింద బీముకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మేడ గది దేనికి వాడతారని ముందే అడిగి లెక్క కట్టేది ఇంజినీరు ఒక్కడే.

మరి ఆ ఇంజినీరుకి డబ్బు ఇవ్వడానికి మనకి ఎందుకు చేతులు రావు? చాలామంది పిసినారితనం అంటారు. నేను ఒప్పుకోను. శ్లాబు రోజున ఊరంతటికీ భోజనం పెట్టి, మేస్త్రికి కొత్త బట్టలు పెట్టి, కూలీలందరికీ చేతిలో డబ్బు పెట్టే ఇల్లాలు పిసినారి కాదు. ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇది: “ఏటి బావూ, రెండు కాగితాలకి పన్నెండు వేలా? ఆ డబ్బెడితే ఎన్ని బస్తాల సిమెంటు వస్తాది? మేస్త్రి మా ఇంటోడే, ఆడు సూసుకుంటాడు.” ఆమె మాటలో మూడు తరాల అనుభవం ఉంది. తాటాకు కంటికి కనిపించింది, పెంకు కనిపించింది, సిమెంటు బస్తా కనిపించింది. మేస్త్రి చెమట కనిపించింది. ఆ అన్నిటికీ ఆమె మనసారా ఇచ్చింది. లెక్క కనిపించదు. పైగా ఆమె చూసిన ప్లాను కాగితం బ్యాంకు లోనుకో పంచాయతీ అనుమతికో పెట్టే కాగితం. ఫైల్లో పెట్టాక దాని ముఖం మళ్లీ ఎవరూ చూడలేదు. గదులు చూపించే ప్లాను వేరు, ఏ పిల్లరులో ఏ ఊచ ఎన్ని అంగుళాలకి అని చెప్పే స్ట్రక్చరల్ డ్రాయింగు వేరు అన్న తేడా ఆమెకి ఎవరూ విప్పి చెప్పలేదు. ఆ చెప్పాల్సిన పని మా వృత్తి వాళ్లది.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. ఆవిడ చెప్పిన “ఇంటోడు” హైదరాబాదులో ఇరవై అంతస్తుల కట్టడంలో ఐరన్ కట్టే ముఠాకి పెద్ద. అక్కడ డ్రాయింగు లేనిదే ఒక్క ఊచ కోయడు. ముందుకు పొడుచుకొచ్చే వరండా శ్లాబులో ఊచ పైపొరలో ఉండాలని, దాన్ని తొక్కి కిందికి దింపేస్తే వరండా విరిగి పడుతుందని అతనికి నాకన్నా బాగా తెలుసు. ఉద్దానం మనుషులు దేశమంతటా ఇలాంటి మేడలు లేపారు. కువైట్‌లో, దుబాయ్‌లో లేపారు. ఆ చదువు తీసుకుని పండక్కి ఇంటికి వచ్చిన మనిషి సొంత ఇంటి దగ్గర మళ్లీ అంచనాతో ఫుటింగు తవ్విస్తాడు. అక్కడ కంపెనీ లెక్క కట్టి ఇస్తుంది. ఇక్కడ ఇచ్చేవాళ్లు లేరు, అడగాలన్న అలవాటు లేదు.

ఆ పన్నెండు వేలకి ఏం వస్తుందో చెప్తాను. ముందు ఇంటి దగ్గర ఒక గొయ్యి. మూల పిల్లరు పక్కన ఫుటింగు అంచు కనిపించేదాకా ఇద్దరు మనుషులు ఒక పూట తవ్వుతారు. నేను గోతిలోకి దిగి ఫుటింగు పొడుగు, వెడల్పు, మందం టేపుతో కొలుస్తాను, అడుగున మట్టి చేతితో నలిపి చూస్తాను. తర్వాత పిల్లరు మూల కొంచెం చెక్కి ఫినాఫ్తలీన్ మందు చల్లుతాను. గులాబి రంగు వస్తే కాంక్రీటులో సున్నపు గుణం ఉన్నట్టు, రంగు రాకపోతే గాలి దాన్ని తినేసినట్టు. రంగు రాని లోతు ఊచ దాకా వెళ్లిందో లేదో చూస్తాను. రీబౌండ్ సుత్తితో పిల్లర్లు, బీములు తట్టి ఎక్కడ బలహీనంగా ఉందో గుర్తు పెడతాను. శ్లాబు పైకి వదిలిన ఊచలు కొలుస్తాను. ఆ తర్వాత ఇంటికొచ్చి లెక్క. చివరికి మూడు జవాబుల్లో ఒకటి ఇస్తాను: ఇలాగే మేడ వేయొచ్చు, ఫలానా పిల్లర్లకి తొడుగు వేసి వేయొచ్చు, లేదా మేడ వద్దు, వెనకవైపు విడిగా రెండు గదులు వేసుకోండి. మూడో జవాబు విన్న ఇంట్లో మొదట కోపం వస్తుంది. కానీ వాళ్లకి మిగిలేది లక్షల్లో ఉంటుంది. మేడ పన్నెండు లక్షలు అయితే ఈ లెక్కకి అయ్యేది నూటికి ఒక రూపాయి. మెట్ల రెయిలింగుకి స్టీలు గొట్టాలు పెట్టించుకోవడానికి దీనికంటే ఎక్కువ ఇస్తున్నాం.

ప్రభుత్వ పథకం ఇంటికి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 340 చదరపు అడుగుల ఇల్లు ఒక కుటుంబానికి మొదటి మెట్టు. పిల్లలు పెద్దయ్యేసరికి దాన్ని పెంచి తీరాలి. పెంచుతారని అందరికీ తెలుసు. అందుకని ఇల్లు ఇచ్చేనాడే దాని మీద ఎంత బరువు పెట్టొచ్చు, ఏ వైపు పెంచొచ్చు అని ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. 2019లో గ్రామ సచివాలయాలకి ఇంజనీరింగ్ అసిస్టెంట్లని నియమించారు. వారంలో ఒక రోజు పాత ఇళ్ల ఫుటింగులు, ఊచలు చూసి మేడకి పనికొస్తాయో లేదో తొలిచూపుగా చెప్పే పని వాళ్లకి అప్పగిస్తే ఉద్దానానికి అంతకన్నా మంచి తుపాను ఏర్పాటు ఉండదు. టెక్కలిలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, సివిల్ పిల్లలున్నారు. రీబౌండ్ సుత్తి, ఫినాఫ్తలీన్ సీసా ఏ సివిల్ ల్యాబులోనైనా ఉంటాయి. ఆ పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుకి ఒక ఊరి డాబాలన్నీ కొలిచి పెడితే ఆ ఊరికి అదొక ఆస్తి.

తాత చేతికి గాలి తెలుసు. నాన్న చేతికి కలపడం తెలుసు. వాళ్లిద్దరి దగ్గరా నేను నేర్చుకున్నదాన్నే కాగితం మీద అంకెలుగా రాస్తున్నాను, వాళ్ల పనికి అది కొనసాగింపు. మేస్త్రికి పెట్టే బట్టల్లో ఒక్క పోగు కూడా తగ్గించమని నేను అనను.

సంక్రాంతికి మేడ మొదలుపెట్టాలని గల్ఫ్ నుంచి, హైదరాబాదు నుంచి డబ్బుతో వచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నా మాట ఒకటే. సిమెంటుకి అడ్వాన్సు ఇవ్వకముందే ఒక గొయ్యి తవ్వించండి. లైసెన్సున్న ఇంజినీరుని, అతను నేనే కానక్కర్లేదు, ఆ గోతిలోకి దింపండి. పాత ఊచలు కొలిపించండి. లెక్క కాగితం మీద సంతకంతో తీసుకుని ఇంటి పట్టాతోపాటు బీరువాలో దాచండి, మీ పిల్లలు మళ్లీ పెంచేనాటికి పనికొస్తుంది. మొదటి పన్నెండు వేలు దానికి పెట్టండి. పన్నెండు లక్షలు ఆ తర్వాత.